అప్పు చేతికిచ్చి, నష్టం నెత్తిన పెట్టి

మహిళా దినోత్సవ సభ కావచ్చు, రుణమేళా వేదిక కావచ్చు, పత్రిక ఆదివారం సంచిక కావచ్చు, తెనాలి నుంచి చీరాల దాకా ఈ మధ్య ఒకే మాట వినిపిస్తోంది: "చేనేత సొసైటీల కాలం చెల్లిపోయింది. ఆడవాళ్ళకు కాస్త అప్పు, కాస్త శిక్షణ, చేతిలో ఒక ఫోను ఇవ్వండి. ఎవరి చీర వాళ్ళు అమ్ముకుంటారు. ఇంటికో పారిశ్రామికవేత్త తయారైతే పేదరికం దానంతటదే పోతుంది."

ఈ వాదనను దాని బలంతో సహా ముందు పెట్టుకుందాం. ఒకటి, సొసైటీలు చాలాచోట్ల బోర్డుకే మిగిలాయి. మగ్గం మొహం చూడనివాళ్ళు సభ్యులయ్యారు. కార్యదర్శి చెప్పిందే లెక్క, అధ్యక్షుడి పార్టీయే సంఘం పార్టీ. రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కోకు సరుకు ఇచ్చిన సంఘాలు డబ్బు కోసం నెలల తరబడి తిరిగాయి. రెండు, ఆడమనిషికి సొంత ఖాతా, సొంత వ్యాపారం ఉంటే ఇంట్లో ఆమె మాటకు విలువ పెరుగుతుంది. మూడు, ఫోను వచ్చాక దళారి అక్కర్లేదు. నాలుగు, ఆఫ్రికాలో లక్షల మంది ఆడవాళ్ళు ఒంటిచేత్తో వ్యాపారాలు నడుపుతున్నారు, మనవాళ్ళకేం తక్కువ?

మొదటిది చాలావరకు నిజం. రెండోది పూర్తిగా నిజం. అయినా ఈ రెంటి నుంచి తీసిన తీర్పు తప్పు. మూడోది మొదటికే తప్పు, నాలుగోది సగం మాటే. ఎలాగో వరసగా చూద్దాం.

1. ఆమె వ్యాపారానికి కొత్త కాదు

ఈ వాదన మొదలయ్యేదే ఒక పొరపాటు ఊహతో. ఆడవాళ్ళు ఇంట్లో ఖాళీగా ఉన్నారని, వాళ్ళలో చొరవ నిద్రపోతోందని, అప్పిచ్చి దాన్ని తట్టి లేపాలని. చీరాల, జాండ్రపేట, వేటపాలెం వీధుల్లో ఏ నేత ఇంటికైనా పొద్దున్నే వెళ్ళి చూడండి. చిలపల నూలును రాట్నం మీద తోడి కండెలు చుట్టేది ఆమె. కండె వదులైతే నాడెలో పోగు చిక్కుపడుతుంది, బిగుసుకుంటే తెగుతుంది. రోజంతా ఆ ఒద్దిక ఆమె వేళ్ళలో ఉండాలి. పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగుల్ని పాత పోగులకు మునివేళ్ళతో మెలితిప్పి అతకాలి. ఒక్కొక్కటిగా, వేల పోగులు. ఒక్కటి తప్పితే చీర పొడవునా గీత పడుతుంది. ఆ గీత చూపించే మజూరీలో కోత పెడతారు. ఇంత చేసిన మనిషిని పలకరిస్తే వచ్చే జవాబు: "నాదేముందండీ, ఆయన నేస్తారు, నేను సాయం పడతాను."

ఆ 'సాయం' ఎంతటిదో కేంద్ర జౌళి శాఖే లెక్కపెట్టింది. 2019-20 నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షల పైచిలుకు, అందులో దాదాపు 72 శాతం మహిళలు. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం మీద కూర్చునేది ఆడవాళ్ళే కాబట్టి ఆ శాతం అంత పెరిగిందని ఎవరైనా అనవచ్చు. అననివ్వండి. మన దగ్గర ఆమె మగ్గం మీద తక్కువ కనిపించవచ్చు గానీ, ఆమె చెయ్యి ఆగిన రోజు మగ్గం కూడా ఆగుతుంది.

మరి డబ్బు లెక్కలో ఆమె ఎక్కడుంది? మజూరీ చీరకు కడతారు, చీర నేసినవాడి పేరు మీద రాస్తారు. కండెలు, అతుకులు అందులోనే కలిసిపోతాయి. 2019లో మొదలైన నేతన్న నేస్తం పథకం ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది, సొంత మగ్గం ఉన్న కుటుంబానికి. మగ్గం లేకుండా ఇంటింటికీ కండెలు చుట్టి బతికే ఆడమనిషి ఆ జాబితాలో నేత పనిమనిషే కాదు.

పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురంలోనూ ఇదే కథ. మిషనరీల కాలం నుంచి అక్కడి ఆడవాళ్ళు అల్లిన లేసు విదేశాలకు పోతోంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ పరిశోధన చేసి 1982లో పుస్తకం అచ్చువేసింది. ఆమె తేల్చింది స్పష్టం: ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న మనిషిని 'తీరిక వేళ అల్లుకునే గృహిణి' అని లెక్కేయడం వల్లే ఆ కూలి అంత చవకగా దొరికింది, ఎగుమతి వ్యాపారులు అంత ఎదిగారు.

కాబట్టి ఆమెకు లేనిది చొరవ కాదు. చేసిన పనికి పేరు లేదు, రేటు లేదు. ఈ రెండూ లేని మనిషికి రుణపత్రం ఇస్తే ఉన్న దోపిడీ అలాగే ఉంటుంది, దాని పైకి వాయిదా ఒకటి చేరుతుంది.

2. మార్కెట్ దొరికితే చాలన్నది మన జిల్లాలోనే ఓడిపోయిన మాట

"మనవాళ్ళకు నైపుణ్యం ఉంది, మార్కెట్టే లేదు" అనేవాళ్ళు బాపట్ల జిల్లా చరిత్ర ఒకసారి తిరగేయాలి. చీరాల ప్రాంతపు మగ్గాల మీద గజం పన్నాతో, గళ్ళ నేతతో, ఎనిమిది గజాల తానులుగా నేసిన గుడ్డ 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' పేరుతో మద్రాసు ఎగుమతిదారుల చేతుల మీదుగా పశ్చిమాఫ్రికాకు పోయేది. నైజీరియాలో నైజర్ నది ముఖద్వారంలో ఉండే కలబరి జాతివాళ్ళకు ఆ గుడ్డ లేకపోతే పెళ్ళి లేదు, చావు లేదు. పుట్టిన బిడ్డను చుట్టేది దానితోనే, పెద్దల శవయాత్రలో కట్టేది దాన్నే. కలబరి ఆడవాళ్ళు ఆ గళ్ళ గుడ్డలోంచి ఎంచి ఎంచి పోగులు కత్తిరించి, లాగేసి, కొత్త బొమ్మ తేల్చేవారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'పెలెటె బితె'.

ఇక్కడ పోగు అతికిన ఆడమనిషి, అక్కడ అదే పోగు కత్తిరించిన ఆడమనిషి. మధ్యలో సముద్రం, ఆ సముద్రం మీద వ్యాపారం చేసిన కంపెనీలు. ఇంతకంటే పెద్ద మార్కెట్ ఏ మహిళా పారిశ్రామికవేత్తకు, ఏ వెబ్‌సైటు చూపిస్తుంది? ఖండాలు దాటిన గిరాకీ, తరాల పాటు నిలిచిన నమ్మకం, పోటీ లేని నేత. అయినా చీరాల నేతగాడు కోటీశ్వరుడు కాలేదు, అతని ఇంట్లో కండెలు చుట్టిన మనిషి పేరు ఏ చిట్టాలోనూ ఎక్కలేదు. నైజీరియా తన మిల్లుల్ని కాపాడుకోవడానికి విదేశీ బట్టల మీద కట్టడి పెట్టినప్పుడు దెబ్బ మాత్రం నేరుగా ఆ ఇంటికే వచ్చి తగిలింది. లాభం వచ్చినప్పుడు గొలుసులో చివరి మనిషి, నష్టం వచ్చినప్పుడు మొదటి మనిషి.

మార్కెట్ దొరకడం ఒక సంగతి, మార్కెట్లో బేరమాడే శక్తి ఉండడం వేరే సంగతి. ఆ శక్తి ఒంటరికి రాదని ఈ ప్రాంతపు పెద్దలు ఎప్పుడో గ్రహించారు. తెనాలి–బాపట్ల రైలు దారిలో నిడుబ్రోలు ఉంది. ఆ ఊరివాడైన ఎన్.జి. రంగా 1930లోనే దక్షిణాది చేనేత ఆర్థిక స్థితిగతుల మీద పుస్తకం రాశారు. ఆ ఊళ్ళోనే పుట్టిన ప్రగడ కోటయ్య జీవితమంతా చేనేత సహకారోద్యమానికే పెట్టారు. వాళ్ళకు వ్యాపారం తెలియక కాదు సంఘం అన్నది. వ్యాపారం బాగా తెలిసే అన్నారు.

3. ఫోను దళారిని తీసేయలేదు, దళారి పని ఆమె నెత్తిన వేసింది

దళారి లాభం తింటాడు, నిజం. కానీ నూలు అప్పుగా ఇచ్చేదీ, సరుకు నిల్వ పెట్టేదీ, అమ్ముడుపోని చీరను భరించేదీ అతనే. అతన్ని తీసేస్తే ఆ పనులు మాయం కావు. ఎవరో ఒకరు చేయాలి. 'ఒంటరి పారిశ్రామికవేత్త' అంటే ఆ పనులన్నీ ఆమే చేయాలి, ఆమే భరించాలి.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక చీర ఫోనులో 3,000కు అమ్మిందనుకుందాం. నూలు, జరీ, రంగు కలిపి 1,300. వెబ్‌సైటు కమీషను, కొరియరు, ప్యాకింగు కలిపి 500. మిగిలింది 1,200. ఆ చీర మీద ఇద్దరు ఐదేసి రోజులు కూర్చున్నారు, అంటే పది పనిదినాలు. మనిషికి రోజుకు 120 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలీ 300. ఇందులో ఇంకా అప్పు మీద వడ్డీ కలపలేదు. "ఫోటోలో రంగు వేరు, చేతికొచ్చిన రంగు వేరు" అని తిరిగొచ్చిన చీర కలపలేదు. ఫోటోలు తీసి, బేరాలకు జవాబులు రాసి, పోస్టు కట్టిన గంటలు కలపలేదు. పక్క దుకాణంలో పవర్‌లూమ్ నకలు మూడో వంతు ధరకు దొరుకుతుంటే ధర పెంచే వీలూ లేదు.

అంకెలు మార్చుకోండి, అభ్యంతరం లేదు. చీర 5,000 అనుకోండి. నిల్వ సరుకులో ఇరుక్కునే పెట్టుబడి పెరుగుతుంది, ఒక్క చీర వెనక్కొస్తే తగిలే దెబ్బా పెరుగుతుంది. ఒంటరి లెక్కలో మారనిది ఒక్కటే, నష్టాన్ని పంచుకునే మనిషి లేకపోవడం. నూరు మంది కలిసి నూలు కొంటే ధర తగ్గుతుంది. నూరు మంది సరుకు ఒక పెట్టెలో పోతే కొరియరు ఖర్చు తగ్గుతుంది. వెనక్కొచ్చిన ఒక్క చీర నూరు మందిలో ఎవరి పూటా ఎండగట్టదు. ఫోను వద్దని ఎవరూ అనడం లేదు. ఆ ఫోను సంఘం చేతిలో ఉండాలంటున్నాం.

4. అప్పు కట్టడానికి పదిమంది, అమ్ముకోవడానికి ఒక్కతి

"డ్వాక్రా చూడండి, అప్పులతోనే కదా ఆడవాళ్ళు బాగుపడ్డారు" అంటారు. డ్వాక్రాకు ఆంధ్రలో ఊపిరి పోసింది అప్పు కాదు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, దాని వెంట వచ్చిన పొదుపు ఉద్యమం. ముందు ఆడవాళ్ళు కలిశారు, తర్వాత పొదుపు చేశారు, బ్యాంకు ఆ తర్వాత వచ్చింది. ఈ వరస తిరగేసి అప్పును ముందుకు తెచ్చినప్పుడు ఏం జరిగిందో కూడా ఇదే రాష్ట్రం చూసింది. సూక్ష్మరుణ సంస్థలు ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులిచ్చి, వారం వారం గుమ్మం ముందు కూర్చుని వసూలు చేసి, ఆత్మహత్యల దాకా తెస్తే 2010 అక్టోబరులో ప్రభుత్వమే ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

ఆ అనుభవం తర్వాత కూడా మన విధానం ఏమిటి? ముద్ర రుణఖాతాల్లో మూడింట రెండొంతులు మహిళల పేరు మీదే ఉన్నాయని కేంద్రం గొప్పగా చెబుతుంది. ఆ రుణంతో నేసిన చీర ఎవరు కొన్నారు, ఏ ధరకు కొన్నారు, డబ్బు ఎన్ని నెలలకు చేతికొచ్చింది అన్న లెక్క వేదిక మీద ఎవరూ చదవరు. సాధికారతను పంచిన అప్పుతో కొలుస్తారు, మిగిలిన కూలితో కొలవరు. డ్వాక్రా గ్రూపులో ఒకామె వాయిదా తప్పితే మిగతా తొమ్మిది మంది కట్టాలి. అదే ఆమె చీర అమ్ముడుపోకపోతే ఆ తొమ్మిది మందికీ సంబంధం లేదు. బాకీకి సమష్టి, బేరానికి ఒంటరి. ఇదెక్కడి న్యాయం?

5. ఆఫ్రికాను సాక్షిగా పిలిచారు కదా, పూర్తిగా విందాం

ప్రపంచంలో సొంత వ్యాపారం చేసే ఆడవాళ్ళ శాతం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాది ముందు వరస. ఇది నిజం. ఒంటరి వ్యాపారాలే పేదరికానికి మందైతే ఆ ఖండం ఈపాటికి ప్రపంచంలో అందరికంటే సంపన్నం కావాలి. కాలేదు. అక్కడ చాలామంది ఆడవాళ్ళు వ్యాపారంలోకి దిగింది వేరే ఉద్యోగం దొరక్క. గత్యంతరం లేక పెట్టిన అంగడిని విజయగాథగా చదవడం దూరం నుంచి చూసేవాళ్ళ సరదా.

నెగ్గినవాళ్ళ సంగతే చూద్దాం. టోగో రాజధాని లోమేలో డచ్ వ్యాక్స్ గుడ్డల వ్యాపారం చేసి మెర్సిడెస్ బెంజ్ కార్లు కొన్న ఆడవాళ్ళను 'నానా బెంజ్' అని పిలిచేవారు. తెలివి, ధైర్యం, పెట్టుబడి అన్నీ ఉన్నవాళ్ళు. 1994 జనవరిలో అక్కడి కరెన్సీ సీఎఫ్‌ఏ ఫ్రాంకు విలువను సగానికి తగ్గించారు. తర్వాత చైనా నకళ్ళు దిగాయి. ఆ సామ్రాజ్యం కరిగిపోయింది. అంతటి వ్యాపారులే తట్టుకోలేని ఎదురుదెబ్బను భట్టిప్రోలులోనో రేపల్లెలోనో 50,000 అప్పు తీసుకున్న మనిషి తట్టుకుంటుందా?

ఇక ఆఫ్రికాలో నిలబడిన పనులు చూడండి. బుర్కినా ఫాసోలో లియో ప్రాంతపు నునునా సమాఖ్యలో ఆడవాళ్ళు షియా గింజలు ఏరుతారు, కలిసి వెన్న తీస్తారు, న్యాయవాణిజ్య ధృవీకరణతో కలిసి విదేశాలకు అమ్ముతారు. నైజీరియాలో యోరుబా అంగడి ఆడవాళ్ళ 'ఎసుసు' మన చీటీ లాంటిదే. వ్యాపారం ఎవరిదైనా డబ్బు కట్టుబాటు అందరిదీ. అంటే సాక్షి చెప్పింది పిలిచినవాళ్ళకు ఎదురు సాక్ష్యం.

6. సొసైటీలు చెడ్డాయి సరే, చెడగొట్టింది ఎవరు?

ఇదే వాళ్ళ బలమైన అస్త్రం, ఇందులోనే పెద్ద తర్కలోపం. ఏటా ఎన్నో కంపెనీలు దివాలా తీస్తాయి. బ్యాంకులకు వేల కోట్లు ఎగ్గొట్టి యజమానులు విమానం ఎక్కుతారు. "కంపెనీల కాలం చెల్లింది" అని ఎవరైనా అన్నారా? లేదు. చట్టం మార్చమన్నారు, పర్యవేక్షణ పెంచమన్నారు. మరి సొసైటీ చెడితే మాత్రం సహకార సూత్రమే చెడ్డదా?

చెడింది సభ్యుల వల్లనా? 1964 సహకార చట్టం సర్కారు, దాని రిజిస్ట్రారు చేతిలో అపారమైన అధికారం పెట్టింది. పాలకవర్గాన్ని రద్దు చేయవచ్చు, ఎన్నికలు వాయిదా వేయవచ్చు, తమ మనిషిని పర్సన్ ఇన్‌చార్జిగా కూర్చోబెట్టవచ్చు. సరుకు కొనే ఆప్కో సర్కారు కనుసన్నల్లో ఉంటుంది. బకాయి పెట్టేది అదే, బకాయి వల్ల సంఘం కుంగిపోతే "చూశారా, సంఘాలు పనిచేయవు" అనేదీ ఆ సర్కారు మనుషులే. కాలు కట్టేసి కుంటివాడన్నట్టుంది ఈ తీర్పు.

సంఘం సొంత కాళ్ళ మీద నిలబడే దారి కూడా ఈ రాష్ట్రమే చూపింది. సర్కారు వాటాధనం తీసుకోకుండా సభ్యుల పొదుపుతో నడిచే సంఘాలకు స్వేచ్ఛనిచ్చిన 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, వాడుకలో 'మ్యాక్స్' చట్టం, దేశంలో మొట్టమొదట వచ్చింది ఇక్కడే. 2011లో పార్లమెంటు ఆమోదించిన 97వ రాజ్యాంగ సవరణ సహకార పాలకవర్గంలో ఇద్దరు మహిళలకు చోటు తప్పనిసరి చేసింది. రాష్ట్రాల ఆమోదం తీసుకోకుండా చేశారన్న కారణంతో 2021 జూలైలో సుప్రీంకోర్టు రాష్ట్రాల సంఘాల విషయంలో ఆ భాగాన్ని కొట్టేసింది. కొట్టేసింది పార్లమెంటు పద్ధతిని గానీ, మహిళలకు చోటివ్వాలన్న సూత్రాన్ని కాదు. ఆ నిబంధనను రాష్ట్రమే సొంతంగా పెట్టుకోవడానికి ఏ కోర్టూ అడ్డు కాదు.

ఇక ఎవరూ ఎత్తని అసలు విషయం. చేనేత సంఘాల్లో సభ్యత్వం ఎక్కువగా ఇంటి యజమాని పేరు మీదే నడుస్తూ వచ్చింది. పనిలో సగం చేసేవాళ్ళకు ఓటే లేని చోట కార్యదర్శి రాజ్యం నడవడంలో వింతేముంది? సొసైటీలు ఆడవాళ్ళ వల్ల చెడలేదు. ఆడవాళ్ళను బయట ఉంచి చెడ్డాయి. వాళ్ళే నడిపిన చోట్లు చూడండి. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ అప్పడాల సంస్థలో ఇవాళ 45,000 మంది పైగా ఉన్నారు. కాగితం మీద దాని రిజిస్ట్రేషన్ ఏదైనా నడక సహకారమే, లాభనష్టాలు అందరివీ. 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ మొదలుపెట్టిన 'సేవ' సంఘం, ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్ళను కార్మికులుగా గుర్తించమని అంతర్జాతీయ కార్మిక సంస్థ దాకా వెళ్ళి ఒప్పించింది. ఒంటరి పారిశ్రామికవేత్తల్లో ఎవరు అంత దూరం వెళ్ళారు?

7. కాబట్టి అడగాల్సింది ఇది

న్యాయవాణిజ్యం అంటే పట్నం షాపులో చీరకు తగిలించే ముద్దొచ్చే చీటీ కాదు, కొనుగోలు ఒప్పందం. ప్రపంచ న్యాయవాణిజ్య సంస్థ నియమాల్లో ఒకటి, హస్తకళల ఆర్డరుకు అడిగితే సగం డబ్బు వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. ఐరోపాలో కొనే సంస్థ చేయగలిగింది మన సర్కారు కొనుగోలు సంస్థ ఎందుకు చేయలేదు?

చేయాల్సినవి ఐదు. మగ్గం ఉన్నా లేకున్నా కండెలు చుట్టే, పడుగు అతికే ప్రతి ఆడమనిషికీ తన పేరు మీద సంఘ సభ్యత్వం, ఓటు. మగ్గం ఎక్కకముందు పనులకు విడి రేటు, అది ఆమె పాస్‌బుక్కులోనే జమ. ఆర్డరు వేసిన రోజే సగం డబ్బు, సరుకు చేరిన నెలలో మిగతా సగం, ఆలస్యమైతే కొనుగోలుదారే వడ్డీ కట్టాలి. ఐదేళ్ళకోసారి ఎన్నికలు, పాలకవర్గంలో సగం ఆడవాళ్ళు, పర్సన్ ఇన్‌చార్జి పద్ధతికి స్వస్తి. నూలు కొనుగోలూ, నిల్వా, ఆన్‌లైన్ అమ్మకమూ సంఘం పేరు మీద, రుణం కూడా సంఘం పేరు మీదే.

ఈ ఐదింటి తర్వాత ఎవరైనా సొంత వ్యాపారం పెట్టుకుంటానంటే శుభం, పెట్టుకోనివ్వండి. వెనక సంఘం ఉన్న మనిషి పడినా లేస్తుంది. కానీ ఇవేవీ ఇవ్వకుండా అప్పు చేతికిచ్చి, ఫోటో తీసి, "మా జిల్లాలో ఇంతమంది మహిళా పారిశ్రామికవేత్తలు" అని లెక్క చెప్పడాన్ని సాధికారత అనకండి. అది సర్కారూ, బ్యాంకూ, వెబ్‌సైటూ కలిసి తాము మోయాల్సిన నష్టభయాన్ని ఊళ్ళో అందరికంటే తక్కువ కూలి తెచ్చుకునే మనిషి పేరు మీద రాయించడం. ఆ కాగితం మీద ఆమె సంతకం పెట్టాల్సిన అవసరం లేదు.